పొడియక్షరములు – వివరణావశ్యకత

తాడేపల్లిగూడెము రైలు స్టేషనునకు రైల్వేవారు పెట్టిన గుఱుతు టి.డి.డి. అను మూఁడక్షరములు. తిరుమల తిరుపతి దేవస్థానములకు లోకవ్యవహారమున నెగడిన గుఱుతు టి.టి.డి. రెంటికిని భేద మొక్క యక్షరము. చెవి కా భేదము తఱచుగా నందదు. అయినను టికెట్టు చూచిన ప్రయాణికుఁడు భ్రమపడఁడు. ఏలయన, టికెట్టుమీఁద గుఱుతుతోఁగూడ నూరిపేరును సంపూర్ణముగా నచ్చువేయఁబడి యుండును. గుఱుతు లెక్కలు చూచువారికి. పేరు ప్రయాణము చేయువానికి. రైల్వేవారు చిన్నచీటిపైఁ బాటించు నీ మర్యాదను గ్రంథకర్తలును బత్రికారచయితలును దమ పుటలలోఁ బాటింపవలసి యున్నదా, యక్కఱలేదా యనునది యిచ్చట విచారింపఁదగిన విషయము.

పదముల మొదటి యక్షరములను మాత్రము గ్రహించి, తక్కినదానిని విడిచి, యా యక్షరములచేతనే పూర్ణార్థమును సూచించు పద్ధతి తెలుఁగువారికిఁ గ్రొత్తది కాదు. వీనికిఁ బొడియక్షరములని వాడుకపేరు. పూర్వపు జాబులలోఁ బెద్దలను సంబోధించునపుడు ‘మ.రా.రా.శ్రీ.’ అని వ్రాసెడివారు. మహారాజరాజశ్రీ యని దాని యర్థము. సువాసినికి ‘చి.ల.సౌ.’ అనియు, భర్తృవిహీనకు ‘గం.భా.’ అనియు వ్రాయు నాచార ముండెను. మొదటిది చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి, రెండవది గంగాభాగీరథీసమానురాలు. ఆ జాబులు వ్రాసినవారును జదివినవారును నొక్క యాచారమునఁ బెరిగినవారగుటచే నెవ్వరును వివరణముఁ గోరలేదు. నేఁడా జాబులే విద్యార్థి చేతఁ బడినపుడు సంగతి వేఱు. తెలుఁగు పేరులకు ముం దింటిపేరుల పొడియక్షరము లుండుట వాడుక గావున, ‘మ.రా.రా.శ్రీ. వెంకయ్య’ యని చూచినవాఁడు తొలి యక్షరముల నింటిపేరుగా భ్రమించుట వింత కాదు. వ్రాఁత నిలిచినది; వ్రాసినవారి వాడుక నిలువలేదు. ఈ వ్యత్యాసమే ప్రస్తుతవిచారమునకు మూలము.

వివరణ మనావశ్యక మనువారి వాదము మూఁడు విధములుగా నున్నది. మొదటిది: లాఘవము శాస్త్రగుణము. అర్ధమాత్ర తగ్గినను వైయాకరణులు పుత్రోత్సవముగా భావింతురని ప్రసిద్ధి గలదు. అట్టిచో నొక్కొక్క సంకేతమును విప్పి చెప్పుట లాఘవభంగము. రెండవది: తెలిసినవానికిఁ దెలిసినదానినే చెప్పుట యతని పాండిత్యమును శంకించుట. మూఁడవది: తెలియనివాఁడు తానే వెదకికొనవచ్చును, నేఁడు వెదకుటకు సాధనములు కొల్లలుగా నున్నవి. చదువరి శ్రమను గ్రంథకర్త యేల మోయవలయును? ఈ మూఁడును దోసిపుచ్చఁదగిన వాదములు గావు. ఒక్కొక్కదానికి సమాధానము చెప్పవలసి యున్నది.

లాఘవముఁ గొనియాడువారు సూత్రకారుల పద్ధతిలో సగమే చూచినారు. పాణిని ‘అచ్’, ‘హల్’ అను ప్రత్యాహారములను వాడెను. అకారము మొదలు చకారచిహ్నము వఱకుఁ గల వర్ణములు అచ్. హకారము మొదలు తుది లకారచిహ్నము వఱకుఁ గలవి హల్. ఇంతకంటె సంక్షిప్తములైన సంకేతములు దుర్లభములు. కాని పదునాలుగు మాహేశ్వరసూత్రములు ముందుగా వర్ణములను వరుసఁ జెప్పుచున్నవి. ఆదివర్ణమునుఁ దుదిచిహ్నమునుఁ గలిపి యెట్లు గ్రహింపవలయునో సూత్రమే చెప్పుచున్నది. చిన్నయసూరి 1858 లోఁ బ్రకటించిన బాలవ్యాకరణమున మొదటి పరిచ్ఛేదము సంజ్ఞాపరిచ్ఛేదము. సంధి దాని తరువాతిది. ఛందశ్శాస్త్రమున నెనిమిది గణములకును నొక్కొక్క యక్షరమే పేరు. ఉత్పలమాల లక్షణము భ, ర, న, భ, భ, ర, వ యని యేడక్షరములలో ముగియును. అయినను గణస్వరూపముఁ జెప్పిన పిదపనే వృత్తలక్షణముఁ జెప్పుట లాక్షణికుల సంప్రదాయము. 1885 లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమును, 1911 లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు 1936 నుండి సంపుటములుగాఁ బ్రకటించిన సూర్యరాయాంధ్రనిఘంటువును సంకేతములతో నిండియున్నవి. కాని యా సంకేతముల వివరణపట్టికయుఁ జదువరికి నందఁజేయఁబడినది. దీనివలన స్పష్టమగున దేమనఁగా, లాఘవమునకు వివరణము విరోధి కాదు. లాఘవమున కధికారము నిచ్చునది వివరణమే. ఒక్కమాఱు విప్పి చెప్పినవాఁడే నూఱుమాఱులు ముడిచి చెప్పఁదగును.

రెండవ వాదమునకు సమాధానము. తెలిసినవాఁడు వివరణమును జూచి యర్ధపంక్తిని దాఁటిపోవును. తెలియనివాఁడు వివరణము లేమిచే వ్యాసమునే విడిచిపోవును. ఈ రెండు నష్టములును సమానములు కావు. మఱియుఁ దన చదువరి యెవ్వఁడో తా నెఱుఁగుదునని గ్రంథకర్త తలఁచుట నేఁడు చెల్లదు. పూర్వము గూడెమున నచ్చయిన కరపత్రము చుట్టుపట్ల నాలుగూళ్లలోఁ జదువఁబడి చిరిగిపోయెడిది. నేఁడు గూడెమునఁ గూర్చుండి వ్రాసినది యాక్షణమునందే యమెరికాలోని తెలుఁగువాని కన్నులఁ బడుచున్నది. అచ్చటివారు వ్రాసినదియు నట్లే యిచ్చటికి వచ్చుచున్నది. ఇచ్చటివాఁడు ‘జి.ఓ.’ యని వ్రాసినచో నచ్చటఁ బుట్టి పెరిగినవానికిఁ దెలియదు. అచ్చటివాఁడు ‘తానా సభలు’ అని వ్రాసినచో నిచ్చటి పల్లె చదువరికిఁ ‘దానా యన్నఁ దందానా’ యను నానుడి జ్ఞప్తికి వచ్చునే గాని, యుత్తర అమెరికా తెలుఁగు సంఘము జ్ఞప్తికి రాదు. ఇట్టిచో వివరణము పాండిత్యమును శంకించుట కాదు, దూరస్థుని గౌరవించుట.

ఇఁక మూఁడవ వాదము. వెదకికొనవచ్చునను మాట యక్షరములు నిశ్చితములైన చోట నొప్పును. తెలుఁగులిపిలో వ్రాసిన యాంగ్లసంకేతముల విషయమున నది యొప్పదు. ఆంగ్లమునఁ జదువువానికి సంకేతమునందలి ప్రతియక్షరమును నొక పదమునకు మొదలు. ఊహకు నూఁత గలదు. తెలుఁగున ‘ఎన్.ఐ.టి.’ యని వ్రాసినపు డున్నవి యక్షరములు గావు, అక్షరముల పేరులు. ‘ఎన్’ అను ధ్వని ‘నేషనల్’ అను పదమున నెచ్చటను వినఁబడదు. ‘ఐ’ యను ధ్వని ‘ఇన్‌స్టిట్యూట్’ మొదట లేదు. కావునఁ దెలుఁగు చదువరికి సంకేతముపై రెండు తెఱలు గలవు: పదమును మూసిన యక్షర మొకటి, యక్షరమును మూసిన పేరు రెండవది. ఈ చిక్కు మూలభాషవారికి లేదు. కాఁబట్టి వారు విడిచిన వివరణమును జూచి, తెలుఁగు రచయితయు విడువవచ్చునని వాదించుట యుక్తము గాదు.

తెలుఁగునఁ బ్రచారముననున్న పొడియక్షరములు మూఁడు తెగలు. తెలుఁగక్షరములతోఁ గూర్చినవి మొదటి తెగ, క్రీ.శ., తి.తి.దే. మొదలైనవి. ఆంగ్లపదముల కాంగ్లాక్షరములు పెట్టినవి రెండవ తెగ, ఎన్.ఐ.టి., జి.ఓ. మొదలైనవి. తెలుఁగువారు తెలుఁగు పదములుగానే వాడుకొను పేరులకు నాంగ్లాక్షరములు పెట్టినవి మూఁడవ తెగ, టి.టి.డి., టి.పి.గూడెము, ఆర్.బి.కె. మొదలైనవి. ఈ మూఁడవ తెగ మిక్కిలి విచిత్రము. 2020 మే నెలలో ఆంధ్రప్రదేశమున రైతు భరోసా కేంద్రములు తెఱవఁబడినవి. ఆ మూఁడు పదములును దెలుఁగు రైతునకుఁ దెలిసినవే. కాని వాని సంక్షేపము ‘రై.భ.కే.’ కాక ‘ఆర్.బి.కె.’ యయ్యెను. తెలిసిన మాటను దెలియని యక్షరములలో దాఁచుట యిది. 2024 లోఁ బ్రభుత్వము మాఱిన పిమ్మట నా కేంద్రములకు రైతు సేవా కేంద్రములని పేరు మాఱెను. కొలఁది యేండ్లలో నొక సంకేతము పుట్టి, పల్లెపల్లెకును వ్యాపించి, తన మూలపదమును గోలుపోయినది. 2022 లో నచ్చయిన వ్యాసమును నిరువదియేండ్ల పిదపఁ జదువు విద్యార్థి యా యక్షరముల యర్థము నెవ్వరి నడుగును? మ.రా.రా.శ్రీ. చెల్లిపోవుటకుఁ దరములు పట్టినవి, ఆర్.బి.కె.కు నాలుగేండ్లు చాలినవి.

తెలుఁగక్షరములతోఁ గూర్చినంతమాత్రమున వివరణ మక్కఱలేదనియు ననరాదు. 1943 లోఁ దెనాలి సభతో నెలకొన్న అభ్యుదయరచయితల సంఘము ‘అరసము’. 1970 లో నేర్పడిన విప్లవరచయితల సంఘము ‘విరసము’. ఇవి పలుకుటకు సులువైనవి, విభక్తులను సహజముగాఁ గైకొనునవి. కాని విరసశబ్దము నిఘంటువులలో ముందే యున్నది. రసహీన మని దాని యర్థము. ఆధునికసాహిత్యచరిత్రముతోఁ బరిచయము లేని యాలంకారికుఁడు ‘విరసకవిత్వము’ అను శీర్షికను జూచినచో నది సంఘనామమో దోషకీర్తనమో నిశ్చయింపఁజాలఁడు. ఒక్క వాక్యముతోఁ దీఱు సందేహమును దీర్పకుండుట రచయిత దోషమే యగును.

ఒక్క సంకేతము పలువురికిఁ బలువిధములుగా నర్థమిచ్చుటకుఁ గొల్లేటి ప్రాంతమునందే యుదాహరణము గలదు. గూడెమునుండి దక్షిణమునకు భీమవరము, అచ్చటినుండి ఆకివీడు మీఁదుగాఁ గొల్లేటివైపుఁ బోయినచోఁ జేఁపల చెఱువులును రొయ్యల చెఱువులును గానవచ్చును. చెఱువు గట్టుమీఁది రైతు ‘డి.ఓ. తగ్గినది’ యన్నచో, నీటఁ గరఁగిన ప్రాణవాయువు తగ్గెనని యర్థము. జీవితబీమా సంస్థవారి వాడుకలో డి.ఓ. యనఁగా డెవలప్‌మెంటు ఆఫీసరు. కచ్చేరీలలో డి.ఓ. యనఁగా నొక యధికారి మఱియొక యధికారికిఁ బేరుపెట్టి వ్రాయు నర్ధాధికారిక లేఖ. మూఁడర్థములును నొక్క గ్రామమునందే నిత్యవ్యవహారమున నున్నవి. వెదకికొను చదువరి వీనిలో దేనిని గ్రహింపవలయును?

ఇది వినోదమాత్రము గాదు. రాత్రివేళ వెలుతురు లేమిచే నీటిలోని నాచు ప్రాణవాయువును బుట్టింపదు సరిగదా, తానును దానినే పీల్చికొనును. కావునఁ దెల్లవాఱుజామునఁ జెఱువులోఁ బ్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. చేఁపలు నోళ్లు తెఱచి పైకి వచ్చును. రైతు ఏరియేటర్లను ద్రిప్పి నీటిని జిలుకును. ఈ విషయమును బోధించు పొత్తమున ‘డి.ఓ. 4 పి.పి.ఎం.కంటెఁ దగ్గరాదు’ అని మాత్రము వ్రాసినచోఁ గ్రొత్తగాఁ జెఱువు త్రవ్విన రైతున కేమి బోధపడును? పి.పి.ఎం. యనఁగాఁ బదిలక్షల పాళ్లలో నొక పాలు. నీటి విషయమున నించుమించుగా లీటరునకు నొక మిల్లీగ్రాము. ఈ యర్ధపంక్తి లేమిచే నొక్క రాత్రిలోఁ జెఱువంతయుఁ బోవచ్చును. ఇట్టిచో వివరణమును విడుచుట శైలిదోషమని మాత్రమే చెప్పి యూరకుండరాదు.

అయినచోఁ బొడియక్షరములను విప్పినంతమాత్రమున వివరణ మగునా? కాదు. దీనికి దృష్టాంతముగాఁ గొల్లేటి యుత్తరువునే గ్రహింపవచ్చును. 1999 అక్టోబరు 4వ తేదీని వెలువడిన ‘జి.ఓ.ఎం.ఎస్. 120’ కొల్లేటిని ‘+5 కాంటూరు’ వఱకు నభయారణ్యముగాఁ బ్రకటించెను. దాని విస్తీర్ణము సుమారు 308 చదరపు కిలోమీటరులు. లంకగ్రామములవారు దీనిని ‘120 జీవో’ యందురు. జీవోను, జీవోలో, జీవోలు అని విభక్తివచనములు చేర్చి పలుకుదురు. వారి నోట నది తెలుఁగు శబ్దమైపోయినది. వారికి జి.ఓ. యనఁగా గవర్నమెంటు ఆర్డరని విప్పి చెప్పుట నిష్ప్రయోజనము. పండితుల కాసక్తి గలిగించునవి ‘ఎం.ఎస్.’ అను నక్షరములు. తాళపత్రపరిశోధకులు వ్రాఁతప్రతికి వాడు సంకేతమే యది. కచ్చేరీ యుత్తరువులలోనిదియు ‘మాన్యుస్క్రిప్టు’ అను నా పదమే. మామూలు సంగతుల యుత్తరువులకు రొటీనను పదమునుబట్టి ‘ఆర్.టి.’ యని గుఱుతు.

కాని ప్రజలకు విప్పవలసిన ముడి వేఱొకచో నున్నది. ‘ఎం.ఎస్.ఎల్.కు +5 కాంటూరు’ అని వ్రాసి, యెం.ఎస్.ఎల్. అనఁగా సగటు సముద్రమట్ట మని కుండలీకరణమునఁ జేర్చినను సగమే తెలిసినది. కాంటూరనునది గుంటూరు, ఏలూరువలె నొక యూరను భ్రమయుఁ గలుగవచ్చును. సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తునఁ గల చోట్లన్నిటిని గలుపుచు గీసిన గీఁత +5 కాంటూరు. నీరు ఆ యెత్తునకు వచ్చినచో మునుఁగు మేర దానిలోపలిది. 3 అడుగుల గీఁత యింకను లోపల నుండును. ఈ నాలుగు మాటలు చెప్పినచో, +5 ను +3 కుఁ దగ్గింపవలయునని 2008 లో శాసనసభ చేసిన తీర్మానమున నున్న దేమియో బోధపడును. రెండు గీఁతల నడుమ భూములుగలవారు దేనిఁ గోరుచున్నారో, పక్షులను సరస్సును గాపాడవలయు ననువారు దేనికి వెఱచుచున్నారో తెలియును. చెప్పనిచో నైదును మూఁడును నంకెలుగానే మిగులును. కావున వివరింపవలసినది యక్షరము గాదు, అక్షరము సూచించు వస్తువు.

పొడియక్షరములు గానివానిని బొడియక్షరములుగా భావించు ప్రమాదమును గలదు. 2002 లోఁ గొల్లేరు ‘రామ్‌సర్’ ప్రదేశముగా గుర్తింపఁబడెను. ఇది సంకేతము గాదు. ఇరాను దేశమునఁ గాస్పియన్ సముద్రతీరమునఁ గల పట్టణము పేరు. 1971 లోఁ దడినేలల సంరక్షణకై యచ్చట నొక యంతర్జాతీయ మైన యొడంబడిక జరిగినది. వివరణము లేక యీ పేరు చదివిన బాలుఁడు రామ్ సార్ అను నుపాధ్యాయుని దలఁచినచో నతని యందుఁ దప్పులేదు.

ఇంతమాత్రమునఁ బ్రతిసంకేతమును విప్పవలయునని నిర్బంధించుటయు దోషమే. రాడారు, లేజరు అనునవి మూలమునఁ బొడియక్షరములే. వానిని విప్పినందున నర్థము స్పష్టతరము గాదు. అంతయేల? తెలుఁగు బడులలోఁ బండితులు దినదినమును జెప్పు అచ్చులును హల్లులును బైఁ జెప్పిన పాణిని ప్రత్యాహారములే. మొదటి తరగతి బాలునకు వాని మూలమును జెప్పవలసిన యక్కఱలేదు. సంకేతమునకు విభక్తి పట్టి, బహువచనము వచ్చి, మూలపదము జ్ఞప్తికి రాకయే యర్థము స్ఫురించునపుడు అది సంకేతము గాదు, శబ్దము. శబ్దమునకు నిఘంటువు చాలును. అయినను నొక ప్రాంతమున శబ్దమైనది వేఱొకచో సంకేతముగానో, వేఱొక వస్తువునకుఁ బేరుగానో యుండవచ్చును. 2015 లోఁ దాడేపల్లిగూడెమున నేర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ గూడెమువారికి ‘నిట్’. ఆటోవానితో నంతమాత్రమన్నఁ జాలును. అదే మాటను వరంగల్లువాఁడు విన్నచోఁ దన యూరి విద్యాసంస్థయే స్ఫురించును. కావున గూడెమువారికొఱకే వ్రాయునపుడు విడువఁదగిన వివరణము, రాష్ట్రమంతటికొఱకు వ్రాయునపుడు విడువరానిది.

వివరించు రీతియందును మెలకువ వలయును. పొడియక్షరములు తొలుత వచ్చినచోటనే వివరణముండవలయును. నాలుగవ పుటలోఁ జెప్పిన యర్థము మొదటి పుటఁ జదువువానికిఁ బనికిరాదు. కుండలీకరణములను బేర్చుటకంటె వాక్యమునందే వస్తువును ముందు చెప్పి సంకేతమును వెనుకఁ జేర్చుట మేలు. ‘నీటఁ గరఁగిన ప్రాణవాయువును రైతులు డి.ఓ. యందురు’ అనినచో వివరణము వివరణముగాఁ దోఁపక కథనములోఁ గలిసిపోవును, తెలిసినవాఁడును విసుగఁడు. వ్యాసమున నొక్కమాఱే వచ్చు పేరునకు సంకేతమే యక్కఱలేదు, పూర్ణనామమునే వ్రాయఁదగును. గ్రంథము పెద్దదై సంకేతములు పెక్కైనచో నిఘంటుకారులవలె మొదటఁ బట్టిక నీయవలయును. తెలుఁగుపదముల సంక్షేపము దెలుఁగక్షరములతోఁ గుదిరినచో నదియే గ్రాహ్యము, తి.తి.దే. యని చూచినవాఁడు కొంతయైన నూహింపఁగలఁడు.

ఫలితార్థ మిది. రచయితకుఁ జదువరి యెదుటలేఁడు. సందేహము గలిగినచో నడుగుట కవకాశము లేదు. జాబు వ్రాసినవాఁడు తన బంధువునకు వ్రాసెను గావున నతనిఁ దప్పుపట్టరాదు. ప్రకటించువాఁడు మాత్రము తా నెఱుఁగనివారికిఁ గూడ వ్రాయుచున్నాఁడు. అపరిచితములైన పొడియక్షరములకు నొక్కమాఱు, మొదటనే, వస్తువు బోధపడునట్లు వివరణ మిచ్చుట యతని ఋణము. టికెట్టుమీఁద స్థలము రెండంగుళములే యైనను రైల్వేవారు గుఱుతు ప్రక్క నూరిపేరును వ్రాయుచున్నారు. పుటయంతయుఁ దనదైన రచయితకు స్థలము చాలదన్న సమాధానము లేదు.